ఫ్యాటీ లివర్‌కీ గుండెల్లో మంటకీ చుట్టరికం: అపోహలు - వాస్తవాలు

ఓపీలో తరచూ చూసేదే. ఒక చేతిలో స్కానింగ్ రిపోర్టు. అందులో ‘గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్’ అన్నచోట పెన్నుతో సున్నా చుట్టి ఉంటుంది. రెండో చెయ్యి ఛాతీ మీద. “లివర్ పాడైంది కాబట్టేనా డాక్టర్ గారూ, ఈ మంట?”

అపోహ: లివర్‌లో కొవ్వు వల్లే పుల్లటి త్రేన్పులు, మంట.

వాస్తవం: రెండూ ఒకే మనిషిలో కనిపించడం మామూలే. కానీ చాలామందిలో రెండింటికీ మూలం బెల్టు దగ్గరుంది. పొట్టలో పేరుకున్న కొవ్వు జీర్ణాశయాన్ని నొక్కుతుంది. అన్నవాహిక చివర తలుపులా పనిచేసే కండరం ఆ ఒత్తిడికి తట్టుకోలేక యాసిడ్‌ను పైకి వదిలేస్తుంది. లివర్‌లో కొవ్వు చేరడానికీ ఆ పొట్టే కారణం. రాత్రి పదిన్నరకు పెరుగన్నం ముగించి వెంటనే నడుం వాల్చేవాళ్లు, పడకకు 3 గంటల ముందే తినేస్తే చాలావరకు తెరిపిన పడతారు.

అపోహ: గ్యాస్ ట్యాబ్లెట్ వేసుకుంటే రెండూ తగ్గుతాయి.

వాస్తవం: పాంటాప్రజోల్ లాంటి గ్యాస్ ట్యాబ్లెట్ యాసిడ్‌ను తగ్గిస్తుంది, అంతే. లివర్ కొవ్వు జోలికి పోదు. మంట పోయింది కదా అని లివర్ సంగతే మరిచిపోతారు, నాకు చిరాకు అక్కడే. బరువు 5 శాతం తగ్గితే లివర్‌లో కొవ్వు తగ్గుతుంది. లోపలి వాపు కూడా తగ్గాలంటే 7 నుంచి 10 శాతం. 80 కిలోల మనిషికి అది సుమారు ఆరు నుంచి ఎనిమిది కిలోలు.

అపోహ: మంట లేదు, మద్యం అలవాటూ లేదు. నా అన్నవాహికకేం ఢోకా లేదు.

వాస్తవం: నేను భయపడేది ఈ మాటకే. కొవ్వుతో మొదలైన జబ్బు కొందరిలో ఏళ్ల తరబడి ముదిరి, లివర్ మచ్చలు పడి గట్టిపడే సిరోసిస్ అవుతుంది, చుక్క ముట్టని వాళ్లలో కూడా. గట్టిపడిన లివర్ గుండా రక్తం సాగక పక్కదారులు వెతుక్కుంటుంది. వాటిలో ఒకటి అన్నవాహిక కింది భాగంలోని సన్నటి సిరలు. ఎండోస్కోపీలో చూస్తే నీలంగా ఉబ్బి, మెలికలు తిరిగి ఉంటాయి. వాటికి మంటా లేదు, నొప్పీ లేదు. ఒకరోజు ఉన్నట్టుండి రక్తపు వాంతో, తారులా నల్లటి విరేచనమో అవుతుంది. అప్పుడు ఇంట్లో ఆగకూడదు, నేరుగా ఎమర్జెన్సీకే. ముందే తెలిస్తే కార్వెడిలాల్ లాంటి మాత్రలతోనో, ఆ సిరలకు రబ్బరు బ్యాండ్లు వేసో చాలావరకు ఆపగలం.

అపోహ: అయితే ఫ్యాటీ లివర్ ఉన్న అందరికీ ఎండోస్కోపీ చెయ్యాలి.

వాస్తవం: అక్కర్లేదు. సిరోసిస్ అనుమానం ఉన్నా లివర్ గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్‌లో రీడింగ్ 20 కిలోపాస్కల్స్ లోపు, ప్లేట్‌లెట్లు లక్షన్నర పైన ఉంటే సిరల కోసం సాధారణంగా ఎండోస్కోపీ చెయ్యం. ముద్ద గొంతు దిగి ఛాతీలో అడ్డం పడుతున్నా, తిండి తగ్గించకుండానే బరువు పడిపోతున్నా మాత్రం లివర్ రిపోర్టు పక్కన పెట్టి ముందు ఎండోస్కోపీకే పంపిస్తాను.