బాస్ చేపకి ఏ ఎర? నీళ్లనే అడగాలి

డాలస్ నుంచి కారులో గంటన్నర వెళ్తే లేక్ ఫోర్క్ వస్తుంది. లార్జ్‌మౌత్ బాస్ చేపలకి అమెరికా అంతటా పేరున్న రిజర్వాయర్ అది. గాలం పట్టుకుని అక్కడికి కొత్తగా వెళ్లేవాళ్లు ఏ నెలలో ఏ ఎర వేయాలని అడుగుతుంటారు. నా మటుకు నేను ముందు నీళ్ల వేడి ఎంతుందో చూడమంటాను. చేప ఒంటి వేడి చుట్టూ ఉన్న నీటితో పాటే పెరుగుతుంది, తగ్గుతుంది. నీరు పది డిగ్రీలు చల్లబడితే దాని జీవక్రియ దాదాపు సగానికి పడిపోతుంది. ఆకలి మందగిస్తుంది, ఎర వెంట పరుగెత్తే ఓపికా ఉండదు.

చలికాలంలో నీరు 7 డిగ్రీల దగ్గరికి దిగితే, బాస్ ఇష్టంగా తినే షాడ్ అనే చిన్న చేపలు చలికి తట్టుకోలేక గిలగిల కొట్టుకుంటాయి, కొన్ని చచ్చిపోతాయి కూడా. జెర్క్‌బైట్ అనే సన్నని ప్లాస్టిక్ ఎర ఆడేది ఆ నాటకమే. రెండుసార్లు కుదిపి, దారం వదులు చేసి, పది లెక్కపెట్టే దాకా కదపకూడదు. అంతసేపూ అది మునగకుండా, పైకి తేలకుండా మధ్యలో నిలబడాలి. చిక్కేమిటంటే చల్లటి నీరు కాస్త చిక్కన. 20 డిగ్రీల నీటిలో కదలకుండా నిలిచిన ఎర 5 డిగ్రీల నీటిలో మెల్లగా పైకి లేస్తుంది. అందుకే అనుభవమున్నవాళ్లు దాని పొట్టకి చిన్న సీసపు పట్టీ అతికిస్తారు. అన్నట్టు, టెక్సస్ రికార్డు బాస్ (18.18 పౌండ్లు) 1992 జనవరిలో ఈ లేక్ ఫోర్క్‌లోనే పడింది, అదీ క్రాపీ చేపల కోసం వేసిన బతికున్న చిన్న చేపకి!

వసంతంలో నీరు 15 డిగ్రీలు దాటాక మగచేప లోతు తక్కువ చోట గూడు చేసి గుడ్లకి కాపలా కాస్తుంది. అప్పుడు ఎరని కరిచేది ఆకలితో కాదు, కోపంతో. మెత్తటి ప్లాస్టిక్ బల్లిని గూట్లో వేస్తే చాలు. కానీ తండ్రిని పైకి లాగిన కొద్ది నిమిషాల్లోనే బ్లూగిల్ చేపలు వచ్చి గుడ్లు తినేస్తాయి, అందుకే నాకు ఈ వేట నచ్చదు.

ఎండాకాలంలో లోతైన చెరువు నీరు పొరలుగా విడిపోతుంది. పైన వెచ్చటి నీరు, అడుగున చల్లటి నీరు. ఆ అడుగు పొరకి గాలి తగలదు, ఆక్సిజన్ అయిపోతుంది. చల్లగా ఉంటుంది కదా అని మరీ లోతుకి ఎర దింపితే అక్కడ చేపే ఉండదు. పొరలు కలిసే చోటుకి కాస్త పైన క్రాంక్‌బైట్ (లాగుతుంటే నీళ్లలోకి దిగే చేప ఆకారపు ఎర) నడపాలి. దాని మూతి దగ్గరి పలక ఎంత పెద్దదైతే అది అంత లోతుకి దిగుతుంది. తెల్లవారుజామున అయితే నాచు మీద ప్లాస్టిక్ కప్ప. ఆకురాలు కాలంలో షాడ్ గుంపులు వాగుల్లోకి వెళ్తాయి, బాస్ వాటి వెంటే. వెండి రంగు ఎరని వేగంగా లాగితే సరిపోతుంది.

ఇక రంగుల సంగతి. దుకాణాల్లో గోడ నిండా అవే. బాస్ కంట్లో రంగు పట్టే కణాలు రెండు రకాలే, ఒకటి ఎరుపుకి, ఒకటి ఆకుపచ్చకి. ఈ రెండిటినీ అది బాగానే పోల్చుకుంటుంది కానీ పసుపుపచ్చకీ తెలుపుకీ, నీలానికీ నలుపుకీ తేడా పట్టడంలో తడబడుతుంది. నలుపు ఎర ఒకటి ఉండగా నీలంది కూడా కొనాలా అన్నది ఇక మీ పర్సు ఇష్టం.