డిసెంబరు రాగానే కకడూ గేట్లు ఎందుకు పడతాయి?

మెల్‌బోర్న్, సిడ్నీల్లో బడులకు పెద్ద సెలవులు ఇచ్చేది క్రిస్మస్ ముందు. జనవరి నెలాఖరు దాకా పిల్లలు ఇంటిపట్టునే ఉంటారు. అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఎక్కడికైనా దూరం వెళ్లాలని పటం ముందేసుకు కూర్చునేది అప్పుడే. ఆ పటంలో ఉత్తరపు కొసన పచ్చగా పరుచుకున్న కకడూ జాతీయ పార్కు కనిపిస్తుంది. విస్తీర్ణం దాదాపు 20,000 చదరపు కిలోమీటర్లు, ప్రపంచ వారసత్వ స్థలం, వేల ఏళ్ల నాటి గుహాచిత్రాలు, జలపాతాలు. ఇంతకంటే ఏం కావాలి అనుకుని విమానం టికెట్లు కొంటారు. తీరా అక్కడికి దగ్గరి నగరమైన డార్విన్‌లో దిగాక తెలుస్తుంది, జిమ్ జిమ్ జలపాతానికి పోయే బాట మూసేసి నెల దాటిందని.

దక్షిణాన ఎండ మండిపోయే ఆ నెలల్లోనే ఖండం ఉత్తరాన రుతుపవనాలు విరుచుకుపడతాయి. డార్విన్‌లో ఏడాదికి సుమారు 1,700 మిల్లీమీటర్ల వాన పడితే, అందులో సింహభాగం నవంబరు, ఏప్రిల్ మధ్యనే కురుస్తుంది. ఇంత సంపన్న దేశం నాలుగు వంతెనలు కట్టుకోలేదా అని ఎవరికైనా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఆ రోడ్లు ఎవరి కోసం, దేని కోసం పడ్డాయో తెలిశాక ప్రశ్న అడగాల్సిన తీరే మారింది.

ముందు నేల సంగతి. కకడూకు తూర్పున, దక్షిణాన రాతి పీఠభూమి. దాని అంచు వందల కిలోమీటర్ల పొడవునా నిలువు గోడలా ఉంటుంది. పైన పడ్డ వాన ఆ గోడ మీద నుంచి దూకి, వాగులై, చదునైన పల్లపు మైదానాల్లో పరుచుకుంటుంది. నేల ఎంత చదునంటే, నది ఒడ్డు ఎక్కడో, పొలిమేర ఎక్కడో వానాకాలంలో చెప్పలేం. వరద వచ్చి పోయే నీరు కాదది. వచ్చి నెలల తరబడి తిష్ఠ వేస్తుంది.

బయటివాళ్లు ఈ నేలను మొదటి నుంచీ కాస్త పొరపాటుగానే చదివారు. 1818 నుంచి తీరాన్ని కొలుస్తూ వచ్చిన నౌకాధికారి ఫిలిప్ పార్కర్ కింగ్ ఇక్కడి నదుల్లో మొసళ్లను చూసి, అవి అమెరికాలో ఉండే ఎలిగేటర్ జాతి అనుకున్నాడు. ఈస్ట్ ఎలిగేటర్, సౌత్ ఎలిగేటర్ అని నదులకు పేర్లు పెట్టి పోయాడు. ఆ నదుల్లో ఎలిగేటర్ ఒక్కటీ లేదు. పేర్లు మాత్రం రెండు వందల ఏళ్లుగా అలాగే ఉన్నాయి. 1845 చివర్లో జర్మన్ అన్వేషకుడు లైకార్ట్ ఆ రాతిగోడ దిగి, ఈ మైదానాల గుండా నడిచి, డిసెంబరు 17న ఉత్తర తీరంలోని బ్రిటిష్ స్థావరం పోర్ట్ ఎసింగ్టన్ చేరాడు. ఇంకొన్ని వారాలు ఆలస్యమై ఉంటే ఆ నడక సాగేది కాదు.

ఇక్కడి వాళ్లకు ఈ పొరపాటు లేదు. పార్కు ఉత్తరాన బినింజ్, దక్షిణాన ముంగ్గుయ్ అనే ఆదివాసులు ఏడాదిని ఆరు కాలాలుగా లెక్కిస్తారు. పర్యాటక కరపత్రాల్లో కనిపించే ఎండాకాలం, వానాకాలం అనే రెండు ముక్కల లెక్క వాళ్లది కాదు. అక్టోబరు నడిమి నుంచి డిసెంబరు దాకా ఉక్కపోతా, సాయంత్రపు ఉరుములూ ఉండే గునుమెలెంగ్. తరవాత మార్చి దాకా అసలు వానల గుజెవుగ్. ఏప్రిల్‌లో బంగ్గెరెంగ్, అప్పటికి మనిషిని మించి పెరిగిన ఈటె గడ్డిని చివరి గాలివానలు నేలకు పడుకోబెడతాయి. ఆ తుఫాన్లకు అక్కడి ఇంగ్లీషులో ఉన్న పేరుకు అర్థం కూడా 'పడగొట్టేవి' అనే. ఆపైన చల్లబడే యెగ్గె, చలి వుర్గెంగ్, వడగాలి గురుంగ్. తేదీల కన్నా గుర్తులు ముఖ్యం: ఏ పువ్వు పూసింది, బాతులు ఎప్పుడు గుడ్లు పెట్టాయి, గాలి ఎటు తిరిగింది. మృగశిర, ఆరుద్ర అంటూ కార్తెల లెక్కన విత్తనం వేసిన మన రైతుకు ఇది వింతగా తోచదు. ఆ లెక్కలో దారి మూయడం అనే మాటే లేదు. గుజెవుగ్‌లో పల్లపు నేల వదిలి ఎత్తయిన రాతి నీడలకు చేరేవారు; ఉబిర్ బండల మీది చిత్రాలు ఆ నీడల్లోవే.

తెల్లవాళ్లలో మొదట ఇక్కడ బతుకు వెతుక్కున్నవాళ్లూ ఆ క్రమానికి లొంగారు. బ్రిటిష్‌వాళ్లు తీరంలో పెట్టుకున్న స్థావరాలకు ఆసియా నుంచి గేదెల్ని తెచ్చారు. స్థావరాలు ఎత్తేసి పోతూ వాటిని వదిలేశారు. అవి అడవిపాలై వేలకు వేలుగా పెరిగాయి. 1880ల నుంచి 1950ల దాకా వాటి తోళ్ల వ్యాపారం సాగింది. వేటంతా ఎండు నెలల్లోనే. తోళ్లు పడవల మీద నదుల వెంట సముద్రానికి చేరేవి. ఈస్ట్ ఎలిగేటర్ మీది కేహిల్స్ క్రాసింగ్‌కు పేరిచ్చిన పాడీ కేహిల్ అలాంటి వేటగాడే.

వాన పుష్కలం, నేల చదును అంటే తెలుగువాడికి మొదట వరి గుర్తొస్తుంది. ఆస్ట్రేలియా వాళ్లకూ గుర్తొచ్చింది. 1950ల్లో డార్విన్‌కు తూర్పున హంప్టీ డూ దగ్గర పెద్ద ఎత్తున వరి వేశారు, ఫాగ్ డ్యామ్ కట్టారు. నీళ్లు చేతికి చిక్కలేదు, మాగ్‌పై బాతులు గుంపులుగా దిగి చేలు తినేశాయి, పదేళ్లు నిండక ముందే పథకం చతికిలబడింది. ఇవాళ కకడూ వైపు వెళ్లేవాళ్లు ఆ డ్యామ్ గట్టు మీద ఆగి పక్షుల ఫోటోలు తీసుకుంటారు.

వానాకాలంలోనూ నిలిచే రోడ్డు కావాలన్న అవసరం యురేనియంతో వచ్చింది. 1960ల చివర్లో రేంజర్ అనే యురేనియం నిక్షేపం బయటపడింది. డార్విన్ దక్షిణం నుంచి తూర్పుగా పోయే ఆర్న్‌హెమ్ హైవే, ఆ వెతుకులాట ఊపందుకున్న 1970ల్లో తారు వేసుకుని ఈ ప్రాంతానికి చేరింది. గని తవ్వాలా వద్దా అని తేల్చడానికి జస్టిస్ ఫాక్స్ అధ్యక్షతన విచారణ సంఘం వేశారు. 1976లో ఒకటి, 1977లో ఒకటి నివేదికలు వచ్చాయి. ఒకే కట్టలో మూడు విషయాలు తేలాయి: గని తవ్వుకోవచ్చు, భూమి హక్కు ఆదివాసులకు ఇవ్వాలి, చుట్టూ జాతీయ పార్కు రావాలి. గని ఉన్న నేల మిరార్ వంశీకులది. వాళ్లు వద్దన్నారు. అయినా గని వచ్చింది. 1979లో పార్కు తొలి భాగాన్ని ప్రకటించారు. 1981లో రేంజర్ ఉత్పత్తి మొదలైంది, ఆ ఏడాదే కకడూ ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. గని కార్మికుల కోసం 1982లో జబీరు ఊరు వెలిసింది.

ఇప్పుడు వానాకాలపు రోడ్ల పటం తీసి చూడండి. ముసురులో కూడా చాలావరకు తెరిచి ఉండేవి రెండు: డార్విన్ నుంచి జబీరు వచ్చే ఆర్న్‌హెమ్ హైవే, జబీరు నుంచి దక్షిణంగా పైన్ క్రీక్ పోయే కకడూ హైవే. అవి కూడా నదీ మైదానాల దగ్గర ఒక్కోసారి రోజుల తరబడి మునుగుతాయి. వాటి మీది నుంచి చేరగలిగినవి, అంటే నౌర్లాంజీ బండ, కూయిండా లాంటివి, ఏడాది పొడవునా చూడవచ్చు. మిగతావన్నీ ఆ రెండు తారు గీతల నుంచి చీలిపోయే బాటల చివర ఉన్నాయి. గని లారీలకు వాటితో పని లేదు కాబట్టి ఎవరూ ఎత్తు పెంచలేదు. జిమ్ జిమ్ బాట కకడూ హైవే నుంచి దాదాపు 60 కిలోమీటర్లు లోపలికి పోతుంది. చివరి పది కిలోమీటర్లు ఇసుక, గుంతలు, ఫోర్ వీల్ డ్రైవ్ జీపులకే సాధ్యం. ఇందులో ఒక తమాషా ఉంది. జలపాతం నిండుగా దూకేది దారి మూసి ఉన్నప్పుడే. దారి తెరిచి, ఎండ ముదిరి, మనం తీరిగ్గా చేరే ఆగస్టు, సెప్టెంబరు నాటికి పైనుంచి సన్నటి ధార కూడా మిగలకపోవచ్చు. పోస్టుకార్డు మీది జలపాతం కావాలంటే చిన్న విమానమెక్కి పైనుంచి చూడాల్సిందే.

కేహిల్స్ క్రాసింగ్ దగ్గర ఈ కథంతా ఒక్క చోట కనిపిస్తుంది. అది వంతెన కాదు, నది అడుగున పరిచిన కాంక్రీటు చప్టా. ఇవతల పార్కు, అవతల ఆదివాసుల భూమి ఆర్న్‌హెమ్ ల్యాండ్. అటు అడుగు పెట్టాలంటే అనుమతి పత్రం ఉండాలి. సముద్రం చాలా దూరంలో ఉన్నా పోటు ఇక్కడిదాకా వస్తుంది. ఎండు నెలల్లో కూడా పోటు వేళ చప్టా మీద నీళ్లు ఎక్కుతాయి. ఆటు కోసం జీపులు వరస కట్టి నిలబడతాయి. గట్టున కొలత కర్ర ఉంటుంది, 0.2, 0.4 అని మీటర్ల గుర్తులతో. పోటుతో పాటు చేపలు వస్తాయి, చేపల కోసం మొసళ్లు చప్టా అంచున నోళ్లు తెరిచి వరసగా నిలుస్తాయి. గుజెవుగ్‌లో చప్టా పూర్తిగా కనుమరుగవుతుంది. అవతలి గున్‌బలాన్యా ఊరికి నెలల పాటు దాదాపుగా విమానమే దిక్కు. 1987లోనూ, 2017 జనవరిలోనూ ఇక్కడ మొసళ్లు మనుషుల్ని చంపాయి. రెండోసారి చనిపోయిన వ్యక్తి చప్టాను నడిచి దాటబోయాడు. మన దగ్గర చప్టా మీద వాగు పారుతుంటే ముళ్లకంప అడ్డం వేసి ఒక మనిషిని కాపలా పెడతాం; అయినా ఏటా ఎవరో ఒకరు బండి దించుతారు. నీళ్లలో మొసళ్లు ఉన్న చోట కూడా అదే మొండితనం ఉండటం నాకు ఆశ్చర్యం కలిగించింది.

మొసళ్లు ఇన్ని ఉండటం కూడా చరిత్రే. తోళ్ల కోసం తుపాకులతో వేటాడి, 1960ల చివరికి ఉప్పునీటి మొసళ్లను అంతరించే స్థితికి తెచ్చారు. 1971లో కకడూ ఉన్న ప్రాంతమైన నార్తర్న్ టెరిటరీ వాటికి రక్షణ కల్పించింది. అప్పుడు కొన్ని వేలు మిగిలి ఉంటే, ఇప్పుడు లక్ష దాకా ఉంటాయని అంచనా. అంటే తొలినాళ్ల సందర్శకుడు చూసిన నది వేరు, ఇవాళ్టి నది వేరు. 1985 ఫిబ్రవరిలో వాల్ ప్లమ్‌వుడ్ అనే తత్త్వవేత్త వానలో ఒంటరిగా చిన్న పడవలో వెళ్లారు. మొసలి పడవను ఢీకొట్టింది, ఒడ్డున చెట్టు పట్టుకుని ఎక్కబోతున్న ఆమెను కాళ్ల దగ్గర పట్టి నీళ్లలో ముంచి మూడుసార్లు దొర్లించింది. ఎలాగో విడిపించుకుని, చీలిపోయిన కాలితో పాక్కుంటూ కదిలిన ఆమెను రాత్రి పార్కు రేంజర్ కనుక్కున్నాడు. ఆ మొసలిని చంపవద్దని ఆమె కోరారు. తాను దాని నీళ్లలోకి వెళ్లాను తప్ప అది తన ఇంటికి రాలేదన్నది ఆమె వాదన. వరద వచ్చినప్పుడు మొసళ్లు నది గట్లకు కట్టుబడి ఉండవు. ఎండు నెలల్లో ఈత కొట్టిన మడుగుల్లోకీ చేరతాయి. 2002లో సాండీ బిల్లబాంగ్ అనే మడుగులో రాత్రి ఈతకు దిగిన జర్మన్ పర్యాటకురాలు మొసలి వాత పడ్డాక నిబంధనలు ఇంకా బిగిశాయి.

గని 2021 జనవరిలో ఉత్పత్తి ఆపేసింది. ఆ వెంటనే జబీరు ఊరి భూమి మిరార్‌లకు తిరిగి దక్కింది. గని జీతాలు పోయిన ఊరికి ఇక పర్యాటకమే ఆధారం అన్న మాట అంతకుముందే మొదలైంది. 2019లో కేంద్ర ప్రభుత్వం కకడూకు, జబీరుకు కలిపి పదేళ్లకు 21.6 కోట్ల డాలర్లు ప్రకటించింది, అందులో రోడ్లూ ఉన్నాయి. హోటళ్లవాళ్లకు, టూర్లు నడిపేవాళ్లకు రోడ్డు ఎంత ముందు తెరిస్తే అంత లాభం. అయితే తలుపు తాళం వాళ్ల దగ్గర లేదు. పార్కు నిర్వహణ మండలిలో 1989 నుంచి ఆదివాసులదే మెజారిటీ. గున్‌లోమ్ జలపాతం దగ్గర 2019లో పవిత్ర స్థలానికి ఆనుకుని అనుమతి లేకుండా కాలిబాట వేశారు. గొడవ అక్కడి సర్వోన్నత న్యాయస్థానమైన హైకోర్టు దాకా పోయింది. పార్కుల డైరెక్టరును విచారించవచ్చని 2024లో తీర్పు వచ్చింది. గున్‌లోమ్ ఏళ్లపాటు మూసే ఉంది. దానికి వానతో సంబంధమే లేదు. బోర్డు మీద మాత్రం రాసేది అదే, 'మూసివేశారు' అని. సందర్శకుడికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి.

ఏప్రిల్ చివర వానలు వెనక్కి తగ్గాక రోడ్డు వెంటనే తెరవరు. తడి బాట మీద ఒక్క జీపు దిగబడితే ఆ గాడి ఆ సీజనంతా ఉంటుంది. నేల ఆరాక బాటను చదును చేసే గ్రేడరు యంత్రం వస్తుంది. తరవాత రేంజర్లు రాత్రిపూట పడవల్లో టార్చిలైట్లు వేసుకుని మడుగుల్లో ఎర్రగా మెరిసే కళ్ల కోసం వెతుకుతారు, బోనులు పెడతారు. నీళ్ల మీద తేలే బెండ్లు కట్టి వదిలేసి, కొన్నాళ్లకు వచ్చి వాటిని తిప్పి తిప్పి చూస్తారు. పంటి గాటు ఉంటే మళ్లీ బోను, మళ్లీ టార్చిలైటు. జిమ్ జిమ్ గేటు ఒక ఏడు మే నెలలో, ఇంకో ఏడు జూన్‌లో తెరుచుకోవడానికి కారణం చాలాసార్లు ఆ బెండ్లే.