మొగ్గ పోయినేడాదిదే

ఆకు తొడగని మాగ్నోలియా కొమ్మ ఒక్కసారిగా పూలతో నిండిపోతే రాత్రికి రాత్రే పూసిందనిపిస్తుంది. నిజానికి ఆ పూలు పోయిన వేసవిలోనే మొదలయ్యాయి. చలికాలమంతా మొగ్గ లోపల ముడుచుకుని ఉన్నాయి, అంతే. చెర్రీ, యాపిల్, లైలాక్ అనే పూల పొద కూడా ఇంతే. లైలాక్‌ని శీతకాలంలో ముచ్చటగా కత్తిరించి, వసంతంలో పూలేవని వెతుక్కునేవాళ్లు చాలామంది. దాన్ని పూలు రాలిన వెంటనే కత్తిరించాలి.

మరి చలికాలం నడుమ నాలుగు రోజులు ఎండ కాస్తే ఈ మొగ్గలు ఎందుకు విచ్చుకోవు? విచ్చుకుంటే ఆ తర్వాత కురిసే మంచుకు మాడిపోతాయి. అందుకే సరిపడా చలి పడేదాకా మొగ్గ వెచ్చదనాన్ని పెద్దగా పట్టించుకోదు. తులిప్ దుంపకైతే సుమారు 12 నుంచి 16 వారాల చలి కావాలి. అంత చలి లేని చోట దుంపల్ని ఫ్రిజ్‌లో పెట్టి తర్వాత నాటుతారు.

తులిప్ దగ్గర ఇంకో తమాషా ఉంది. పగలు తెరుచుకుని సాయంత్రం మూసుకుంటుంది. వెచ్చబడితే రేకు లోపలి వైపు వేగంగా పెరుగుతుంది, దాంతో రేకు బయటికి వంగుతుంది. చల్లబడితే బయటి వైపు పెరుగుతుంది, పువ్వు మూసుకుంటుంది. అంటే తెరుచుకోవడమూ పెరగడమే, మూసుకోవడమూ పెరగడమే. వాడిపోయే ముందు తులిప్ మొదటి రోజుకన్నా పెద్దదిగా కనిపించేది అందుకే. నమ్మకం లేకపోతే మూసుకున్న పువ్వునొకదాన్ని కోసి వెచ్చటి గదిలో పెట్టి చూడండి. క్రోకస్ అనే చిన్న దుంప మొక్క పువ్వయితే ఇంకా చురుకు, ఒక డిగ్రీ తేడా వచ్చినా కదులుతుంది.

పూత వేడిని బట్టి నడుస్తుంది కాబట్టి పూసిన తేదీ రాసిపెట్టుకోవడం ఉత్త కాలక్షేపం కాదు. ఇంగ్లండ్‌లో రాబర్ట్ మార్షమ్ అనే ప్రకృతి పరిశీలకుడు 1736లో ఇలాంటి తేదీలు రాయడం మొదలుపెడితే, ఆయన వంశంవాళ్లు 1958 దాకా కొనసాగించారు. జపాన్‌లోని క్యోటోలో చెర్రీ పూల తేదీలు 9వ శతాబ్దం నుంచీ దొరుకుతాయి. 2021లో అక్కడ మార్చి 26కే చెట్లు నిండుగా పూశాయి. అప్పటిదాకా ఉన్న లెక్కల్లో అంత తొందరగా పూసిన ఏడాది లేదు.

మీరూ రాయాలనుకుంటే ఏటా అదే మొక్కని చూడండి. మొగ్గ రంగు తేలిన రోజును కాక, మొదటి పువ్వులో కేసరాలు కనబడిన రోజును రాయండి. ఎండ తగిలే గోడ పక్క మొక్క తేదీని, పెరటి మధ్య మొక్క తేదీతో కలపొద్దు. పగలు పీల్చుకున్న వేడిని గోడ రాత్రి వదులుతుంది కాబట్టి, దాని పక్కది ముందే పూస్తుంది.