బూట్‌లోడర్‌లో సున్నా అడ్రస్: అపోహలు - వాస్తవాలు

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులకి ఏరేటర్ కంట్రోలర్లు చేసే పనిలో ఉన్నాను, ఫర్మ్‌వేర్ నాది. పీసీ మీద సీ నేర్చుకుని వచ్చే కుర్రాళ్లతో నల్ పాయింటర్ (దేన్నీ చూపని, అంటే సున్నా అడ్రస్ ఉన్న పాయింటర్) దగ్గర ఎప్పుడూ ఇవే వాదనలు.

అపోహ: నల్ పాయింటర్ ముట్టుకుంటే అక్కడికక్కడే క్రాష్ అవుతుంది, ఇంక వెతికేదేముంది?

పీసీలో ఆ క్రాష్ వచ్చేది ఆపరేటింగ్ సిస్టమ్ సున్నా పేజీని మ్యాప్ చేయకుండా వదిలేస్తుంది కాబట్టి. బూట్‌లోడర్, అంటే అసలు అప్లికేషన్ కన్నా ముందు నడిచే చిన్న ప్రోగ్రామ్, నడిచే వేళకి ఆ కాపలా ఇంకా రాలేదండి. ఎస్‌టీఎం32 మైక్రోకంట్రోలర్ ఫ్లాష్ నుంచి బూట్ అయితే, హెక్స్ 08000000 దగ్గరున్న ఫ్లాషే సున్నా దగ్గర కూడా కనబడుతుంది. మొదటి నాలుగు బైట్లు స్టాక్ పాయింటర్, తర్వాతి నాలుగు రీసెట్ హ్యాండ్లర్ (చిప్ రీసెట్ అవగానే నడిచే ఫంక్షన్) అడ్రస్. చదివితే నిక్షేపంగా వస్తాయి. 20 కేబీ ర్యామ్ ఉన్న చిప్‌లో స్టాక్‌ని ర్యామ్ చివర పెట్టారనుకోండి, ఆ మొదటి విలువ హెక్స్ 20005000. సెట్టింగ్స్ పాయింటర్ నల్ అయి, అందులో మొదటి ఫీల్డ్ మిల్లీసెకన్ల టైమర్ అయితే, మీ డిలే 53,68,91,392, అంటే ఆరు రోజుల పైనే. క్రాష్ లేదు, లాగ్‌లో ఏమీ లేదు, ఏరేటర్ మాత్రం తిరగదు, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు తేలతాయి.

పీసీ బూట్ సెక్టర్ రాసేవాళ్లది ఇంకో బాధ. రియల్ మోడ్‌లో (పీసీ ప్రాసెసర్ మొదలయ్యే పాత పద్ధతి) సున్నా నుంచి 1024 బైట్లు ఇంటరప్ట్ వెక్టర్ టేబుల్, అంటే ఏ ఇంటరప్ట్‌కి ఏ కోడ్ నడవాలో చెప్పే అడ్రస్‌ల పట్టిక. నల్‌లోకి రాస్తే చెడేది డివైడ్ ఎర్రర్ వెక్టర్, అది ఎవరో సున్నాతో భాగించేదాకా బయటపడదు!

అపోహ: వోలటైల్ (ఈ చదవడం, రాయడం తీసేయొద్దని కంపైలర్‌కి చెప్పే మాట) పెడితే కంపైలర్ మన జోలికి రాదు.

వస్తుంది. చెక్‌సమ్ (ఫ్లాష్‌లో కోడ్ పాడవలేదని సరిచూసే లెక్క) కోసం సున్నా నుంచి చదవాలని రాస్తే, జీసీసీ కంపైలర్ ఓ2 ఆప్టిమైజేషన్‌లో ఆ చదవడాన్ని ఉంచి, దాని వెనకే ప్రోగ్రామ్‌ని ఆపేసే ట్రాప్ ఇన్‌స్ట్రక్షన్ పెట్టగలదు. ముందు పాయింటర్ వాడేసి తర్వాత నల్ చెక్ చేస్తే ఆ చెక్‌నే తీసేయగలదు. ఎఫ్-నో-డిలీట్-నల్-పాయింటర్-చెక్స్ ఫ్లాగ్ పెట్టండి, చెక్‌సమ్ మాత్రం 08000000 నుంచే చదవండి, గొడవ ఉండదు.

అపోహ: ఎంపీయూతో (మెమరీకి కాపలా కాసే చిప్‌లోని యూనిట్) సున్నాని మూసేస్తే ఇంటరప్ట్‌లు ఆగిపోతాయి.

ఆగవు. కార్టెక్స్-ఎం3, ఎం4 ప్రాసెసర్లలో వెక్టర్ తెచ్చుకోవడానికి ఎంపీయూ అడ్డు రాదు. బూట్‌లోడర్‌ని 08000000కి లింక్ చేసి, సున్నా దగ్గర నో-యాక్సెస్ రీజియన్ పెట్టి, మిగతా మెమరీ మామూలుగా పనిచేయడానికి ప్రివ్‌డెఫెనా బిట్ ఆన్ చేయాలి, ఇది మర్చిపోతే వెంటనే ఫాల్ట్. రీజియన్ మరీ చిన్నది పెట్టకండి, నల్ అర్రేలో పెద్ద ఇండెక్స్ దాన్ని దాటిపోతుంది. ఫాల్ట్ హ్యాండ్లర్‌లో ఊరికే లూప్ తిప్పే అలవాటు నాకు అస్సలు నచ్చదు, చెరువు దగ్గర డీబగ్గర్ పట్టుకుని ఎవరు కూర్చుంటారు? ఫాల్ట్ అయిన చోటి ప్రోగ్రామ్ కౌంటర్ విలువ దాచుకుని రీసెట్ చేయండి. అప్లికేషన్‌లోకి దూకే ముందు ఎంపీయూ ఆపేయండి.

కార్టెక్స్-ఎం0 చిప్‌లు అన్నిటికన్నా టెన్షన్. వీటీఓఆర్ (వెక్టర్ టేబుల్ ఎక్కడుందో చెప్పే రిజిస్టర్) లేదు కాబట్టి, ఎస్‌టీఎం32ఎఫ్0లో వెక్టర్లని ర్యామ్‌లోకి కాపీ చేసి సున్నా దగ్గరికి రీమ్యాప్ చేస్తాం. అప్పుడు నల్‌లోకి రాయడం కూడా చక్కగా జరిగిపోతుంది, స్ట్రక్చర్‌లో నాలుగో ఫీల్డ్ రాస్తే హార్డ్‌ఫాల్ట్ హ్యాండ్లర్ అడ్రసే మారిపోతుంది. అందులో ఎంపీయూ లేదు, అలాంటి యాక్సెస్‌ని చిప్‌లోనే పట్టుకునే డీబగ్ మానిటర్ కూడా లేదు. పాయింటర్ తీసుకునే ప్రతి ఫంక్షన్‌లో, వాడకముందే, నల్ చెక్ మనమే రాసుకోవాలి.