స్టేజీ మీద పాతకాలపు బల్బులు, డిమ్మర్లు: అపోహలు - వాస్తవాలు

గాజులోంచి నారింజ రంగు తీగ కనబడే, ఎడిసన్ బల్బులని పిలిచే బల్బులు ఈమధ్య నాటకాల సెట్లలోకి తెగ వచ్చేస్తున్నాయి. పాతకాలం ఇల్లు కావాలన్నా, రైల్వే వెయిటింగ్ రూమ్ కావాలన్నా పైనుంచి నాలుగు వేలాడదీస్తే పనైపోతుందనుకుంటారు. చూడటానికి బాగుంటాయి, కాదనను. వాటి అసలు బుద్ధి బయటపడేది మాత్రం వెలుగుని పెంచి తగ్గించే డిమ్మర్‌కి తగిలించాకే. లైటింగ్ బోర్డు ముందు కూర్చున్నప్పుడల్లా నా చెవిన పడే మాటలివి.

అపోహ: అన్నీ ఎడిసన్ బల్బులే, ఏది తెచ్చినా ఒకటే.

ఆకారం ఒకటే, లోపల సంగతి వేరు. 1879లో ఎడిసన్ వెలిగించి చూపించింది కార్బన్ తీగని. తర్వాత టంగ్‌స్టన్ వచ్చి దాన్ని పక్కకి నెట్టేసింది. ఇప్పుడు ఈ పేరుతో దొరికేవి మూడు రకాలు: నిజంగానే కార్బన్ తీగ ఉన్నవి (అరుదు), పొడవాటి టంగ్‌స్టన్ తీగని పంజరంలా అల్లినవి, సన్నటి పట్టీ మీద ఎల్‌ఈడీలు పేర్చి తీగలా కనిపించేట్టు చేసినవి.

చల్లగా ఉన్న టంగ్‌స్టన్ నిరోధం వేడెక్కినప్పటి దానిలో దాదాపు పదో వంతే. అందుకే స్విచ్ వేసిన క్షణంలో కరెంటు ఎగదన్నుతుంది. కార్బన్ దీనికి తలకిందులు, వేడెక్కేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. మూడో రకంలో తీగే లేదు, బల్బు అడుగున కూర్చున్న చిన్న ఎలక్ట్రానిక్ సర్క్యూట్ దాన్ని నడుపుతుంది. డిమ్మర్‌తో వచ్చే పేచీల్లో ముప్పాతిక మువ్వీసం దీనివే.

అపోహ: పెట్టె మీద డిమ్మబుల్ అని ఉంది కదా, ఇంకేం టెన్షన్?

ఏ డిమ్మర్‌తో? సాధారణంగా ఆ మాట ఇంటి గోడకి బిగించే డిమ్మర్‌ని దృష్టిలో పెట్టుకుని రాసింది. స్టేజీ డిమ్మర్‌లో ఒక్కో ఛానల్ రెండు మూడు కిలోవాట్ల లోడు మోయడానికి తయారైంది. దానికి నాలుగు వాట్ల ఎల్‌ఈడీ బల్బు తగిలిస్తే ఏనుగు మీద చీమని కూర్చోబెట్టినట్టే. లోడు మరీ తక్కువైతే లోపల స్విచ్‌లా పనిచేసే థైరిస్టర్ కరెంటుని పట్టి ఉంచలేదు, బల్బు వణుకుతుంది. బోర్డు మీద వెలుగు పెంచే మీటని, అంటే ఫేడర్‌ని, పైకి తోస్తుంటే కొంతదూరం చీకటే, ఆ తర్వాత టప్పున ఒకేసారి వెలుగు.

ఒక నాటకం ఆఖరి సీనులో ముసలాయన ఒక్కడే కూర్చుని ఉంటాడు, తలపైన బల్బు ఇరవై సెకన్లలో మెల్లగా ఆరిపోవాలి. రిహార్సల్స్ అన్నీ టంగ్‌స్టన్ బల్బుతో చేశాం. ప్రదర్శన రోజు పొద్దున అది పగిలింది. అచ్చు అలాగే ఉందని ఎల్‌ఈడీది పెట్టేశాం, పెట్టింది నేనే. సగం దాకా బాగానే దిగింది. తర్వాత మూడుసార్లు కన్నుకొట్టి ఠక్కున ఆరిపోయింది. ఏడవాల్సిన చోట హాలంతా నవ్వింది.

ఆ దెబ్బతో డమ్మీ లోడ్ అలవాటు చేసుకున్నాను. అదే సర్క్యూట్‌లో, ప్రేక్షకులకి కనబడని చోట, తెరలకి దూరంగా ఒక మామూలు ఫిలమెంట్ లైటు కలిపితే డిమ్మర్‌కి తగినంత లోడు దొరుకుతుంది. బల్బు ఎక్కడ వెలగడం మొదలవుతుందో చూసి, బోర్డులో ఆ ఛానల్ కనీస స్థాయిని అక్కడికి జరుపుకుంటే టప్పున వెలగడం కూడా చాలావరకు తగ్గుతుంది. ఇంత చేసినా అన్నీ లొంగవు. ప్రదర్శనలో వాడబోయే బల్బునే, ఆ డిమ్మర్ మీదే ముందు రోజు పరీక్షించాలి.

అపోహ: ఫేడర్ సున్నాకి తెస్తే ఆరిపోయినట్టే.

డిమ్మర్ లోంచి అతి కొద్ది కరెంటు కారుతూనే ఉంటుంది. ఫిలమెంట్‌కి అది ఒక లెక్క కాదు గానీ ఎల్‌ఈడీకి చాలు, స్టేజీ అంతా చీకటి చేసే బ్లాకౌట్‌లో మిణుగురులా మెరుస్తూ ఉంటుంది. దీనికీ మందు డమ్మీ లోడే. అన్నట్టు, ఫేడర్ దించి బల్బు మార్చేవాళ్లని చూశాను. దయచేసి ఆ పని చేయకండి, హోల్డర్‌లో కరెంటు ఉండొచ్చు. ఆ సర్క్యూట్‌కి కరెంటు పూర్తిగా తీసేశాకే చెయ్యి పెట్టండి.

అపోహ: ఏ బల్బైనా తగ్గించేకొద్దీ ఎర్రబడుతుంది.

తీగ ఉన్నదే అలా ఎర్రబడుతుంది. మామూలు ఎల్‌ఈడీ వెలుగు తగ్గినా రంగు మారదు, ఉన్న రంగులోనే బూడిదబారినట్టు కనిపిస్తుంది. తగ్గేకొద్దీ రంగు మారేలా తయారుచేసిన ఎల్‌ఈడీలు వేరే ఉన్నాయి, అడిగి తెచ్చుకోవాలి.

అపోహ: బల్బు గుయ్యిమంటోందంటే పాడైందన్నమాట.

పాడవలేదు, పాడుతోంది. డిమ్మర్ కరెంటు అలని సగంలో కోసి వదులుతుంది. 50 హెర్ట్జ్ సరఫరాలో సెకనుకి వందసార్లు తీగకి తన్ను తగులుతుంది. పొడవాటి సన్నటి తీగ కదా, వీణ తీగలా కంపిస్తుంది. సగం వెలుగు దగ్గర మోత ఎక్కువ, ఎందుకంటే అక్కడ అల శిఖరం దగ్గర కరెంటు ఒక్కసారిగా మొదలవుతుంది. నిశ్శబ్దంగా సాగే సీనైతే స్థాయిని పదిపాయింట్లు అటో ఇటో జరిపి చూడండి. అలని కోయకుండానే తగ్గించే సైన్ వేవ్ డిమ్మర్ ఉంటే ఈ గొడవే ఉండదు.

అపోహ: నాలుగు బల్బులుంటే నటుడి ముఖానికి వెలుగు చాలు.

చాలదు. పంజరం తీగని కావాలనే తక్కువ వేడిమీద, 2000 కెల్విన్ పైచిలుకులో నడుపుతారు. అందుకే ఆ బంగారు రంగు, అందుకే అంత తక్కువ వెలుగు. అదే వాట్ల మామూలు బల్బుతో పోలిస్తే చాలా వెనకబడుతుంది. పోనీ పూర్తిగా పెంచుదామా అంటే ప్రేక్షకుల కళ్లలో పొడుస్తుంది, వెనకున్న ముఖం ఇంకా నల్లబడుతుంది. నేనైతే బల్బుని ముప్పై నలభై శాతం దగ్గర ఉంచి, అది ఉన్న దిక్కునుంచే యాంబర్ జెల్ (తేనె రంగు పారదర్శక షీటు) వేసిన ఇంకో లైటు ముఖం మీద పెడతాను. రెండూ ఒకే క్యూలో (బోర్డులో ముందే దాచుకున్న లైటు మార్పులో) లేవాలి, ఒకే క్యూలో దిగాలి.

ఇలా తగ్గించి వాడితే తీగ ఎక్కువ రోజులు వస్తుంది కూడా. వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు దాదాపు ముప్పై శాతం పోతుంది గానీ ఆయుష్షు మూడు రెట్లు దాటుతుంది. ఎల్‌ఈడీకి ఈ లెక్క వర్తించదు. దాని స్పేర్లు మాత్రం మొదటి కొనుగోలులోనే తీసి పెట్టుకోండి. ఆర్నెల్ల తర్వాత అదే పెట్టెలో వచ్చే బల్బులో లోపలి సర్క్యూట్ మారిపోయి ఉండొచ్చు.