పురుగు మీదికే గురిపెట్టిన టీకా: ఎనభై ఏళ్లు దాటిన ప్రయత్నం

వానాకాలం వచ్చిందంటే ఏటూరునాగారం, తాడ్వాయి గూడేల్లో మలేరియా, వరంగల్ కాలనీల్లో డెంగీ టెన్షన్ మొదలవుతుంది. ఫాగింగ్ చేస్తారు, దోమతెరలు పంచుతారు, నిలవ నీళ్లు పారబోయమంటారు. కొట్టాల్లో పశువులకు గోమార్ల (పిడుదుల) మందు పూస్తారు. ఇవన్నీ అవసరమే. కానీ వాడేకొద్దీ ఆ మందులను తట్టుకునే దోమలు, గోమార్లే మిగులుతున్నాయి. అందుకే కుట్టే పురుగు మీదికి మన ఒంట్లోని రోగనిరోధక శక్తినే ఉసిగొల్పే ఆలోచనను మనం పట్టించుకోవాలి.

దాని మొదలు 1939లో ఉంది. అమెరికా శాస్త్రవేత్త విలియం ట్రేగర్ గినీపందుల మీద గోమారు పిల్లలను వదిలితే మొదటిసారి అవి కడుపునిండా రక్తం తాగాయి. అదే జంతువుల మీద మళ్లీ వదిలితే చాలావరకు తాగలేకపోయాయి. వాటి లాలాజలాన్ని గుర్తుపట్టి ఒళ్లు ఎదురుతిరిగింది. పాడి రైతులకు ఇందులో వింతేమీ లేదు. ఒకే కొట్టంలో ఉన్నా నాటు ఆవు కంటే జెర్సీ సంకరం ఆవుకే గోమార్లు ఎక్కువ పడతాయి. మన ఒంగోలు రక్తం కూడా కలిసిన బ్రాహ్మన్ జాతిని ఆస్ట్రేలియా తెచ్చుకోవడానికి గోమార్లను తట్టుకునే ఈ గుణం ఒక ముఖ్య కారణం.

ఆ దేశంలోనే 1994లో పశువులకు టిక్‌గార్డ్ టీకా వచ్చింది. దాదాపు అదే కాలంలో క్యూబా గావాక్ తెచ్చింది. రెండింటికీ ఆధారం గోమారు పేగు గోడలో ఉండే బీఎం86 అనే ప్రోటీన్. టీకా వేసిన ఆవు రక్తం తాగితే అందులోని యాంటీబాడీలు, అంటే టీకా వల్ల ఒళ్లు తయారుచేసుకున్న రక్షక ప్రోటీన్లు, గోమారు పేగునే దెబ్బతీస్తాయి. కొన్ని చస్తాయి, మిగిలినవి తక్కువ గుడ్లు పెడతాయి. అయితే కుట్టినప్పుడు ఆ ప్రోటీన్ ఆవు ఒంట్లోకి రాదు కాబట్టి రక్షణ దానంతటది పెరగదు, మళ్లీ మళ్లీ బూస్టర్ వేయాలి.

మనుషులకు 1998లో అమెరికాలో లైమ్ వ్యాధి టీకా వచ్చింది. ఇది గోమారు కాటుతో ఒంట్లోకి చేరే బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బు. దాని యాంటీబాడీలు గోమారు కడుపులోనే బ్యాక్టీరియాను చంపేవి. మంచి టీకాయే. కీళ్లనొప్పులు వస్తాయన్న భయం వ్యాపించి, కొనేవాళ్లు తగ్గి 2002లో ఆగిపోయింది. 2021లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గోమారు లాలాజలంలోని 19 ప్రోటీన్లకు ఎంఆర్ఎన్ఏ టీకా (ఆ ప్రోటీన్లను ఒళ్లే తయారుచేసుకునేలా సూచనలిచ్చే టీకా) చేసి గినీపందులకు వేశారు. కుట్టినచోట ఎర్రబడింది, గోమార్లు ముందే రాలిపోయాయి.

దోమతో ఇంత సులువు కాదు. గోమారు రోజుల తరబడి అంటుకుని ఉంటుంది, దోమ కొద్ది నిమిషాల్లోనే ఎగిరిపోతుంది. దాని లాలాజలం మీద టీకా ప్రయత్నాలు ఇంకా తొలిదశలోనే ఉన్నాయి. 1897లో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఇప్పుడు ప్రయోగదశలో ఉన్న కొన్ని మలేరియా టీకాల గురి ఆ కడుపు మీదే. టీకా వేసుకున్నవాళ్ల రక్తం దోమలోకి వెళ్లి, అక్కడ పరాన్నజీవి ఎదగకుండా ఆపుతుంది. వేసుకున్న మనిషికి నేరుగా రక్షణ ఉండదు, లాభం ఊరికి. అలాంటి టీకాతో గూడెంలో అడుగుపెట్టే ముందు ఈ మాట దాచకుండా చెప్పి ఒప్పించాలి.

పశువుల టీకాకు అంత చిక్కు లేదు. బీఎం86 అన్నిచోట్లా ఒకేలా పనిచేయదు కాబట్టి మన గోమార్ల మీదే పరీక్షించాలి. మామునూరు, కోరుట్ల పశువైద్య కళాశాలలు తలకెత్తుకోవలసిన పని ఇది.