1977 మార్చి 14: సినిమా పాట చేతులు మారిన రోజు

తన పాటలు అనుమతి లేకుండా వాడుకున్నారంటూ ఇళయరాజా నోటీసు పంపారన్న వార్త వచ్చినప్పుడల్లా మన దగ్గర రెండు మాటలే వినిపిస్తాయి. ఆయన బాణీ, ఆయన ఇష్టం అని కొందరు. పారితోషికం తీసుకున్నాక ఇంకా హక్కులేమిటని ఇంకొందరు. పెద్దాయనకు అహంకారమని, డబ్బు మీద ఆశ అని తేల్చేసేవాళ్లు ఈ రెండో గుంపులోనే ఎక్కువ. తమాషా ఏమిటంటే, వాళ్లు సొంతంగా అనుకుంటున్న ఆ మాటను సుప్రీంకోర్టు 1977 మార్చి 14నే చెప్పేసింది. ఇవాళ్టి గొడవలో సగం ఆ ఒక్క రోజు పెట్టిందే.

ఇళయరాజా ఎవరో, ఎన్ని సినిమాలు చేశారో ఇక్కడ చెప్పక్కర్లేదు. వివాదాల వరుస కూడా క్లుప్తంగా చాలు. 2025లో అజిత్ సినిమా ‘గుడ్ బ్యాడ్ అగ్లీ’లో తన పాత పాటలు వాడుకున్నారంటూ నిర్మాతలైన మైత్రీ మూవీ మేకర్స్‌కు నోటీసు పంపి, 5 కోట్ల రూపాయల పరిహారం అడిగారు. హక్కులున్న ఆడియో కంపెనీల దగ్గర అనుమతి తీసుకున్నామని నిర్మాతలు చెప్పారు. సెప్టెంబరులో మద్రాసు హైకోర్టు ఆ పాటలతో సినిమా చూపించకూడదని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అంతకు ముందు ఏడాది ఒక మలయాళ సినిమా విషయంలోనూ ఇదే నోటీసు, ఇదే జవాబు. అనుమతి తీసుకున్నామన్న మాటను అనుమానించాల్సిన పని లేదు. అడగాల్సిందల్లా, ఆ అనుమతి ఇచ్చినవాళ్లకు హక్కు ఎక్కడి నుంచి వచ్చిందన్నదే.

దానికి 1969 నుంచి మొదలుపెట్టాలి. గీత రచయితల, స్వరకర్తల హక్కుల కోసం ఇండియన్ పర్ఫార్మింగ్ రైట్ సొసైటీ ఏర్పడింది ఆ ఏడాదే. పాటను బహిరంగంగా వినిపిస్తే ఇంత కట్టాలని వెంటనే ఒక టారిఫ్ ప్రకటించింది. థియేటర్లో సినిమా ఆడుతున్నా అందులోని సంగీతానికి విడిగా కట్టాల్సిందేనన్నది దాని లెక్క. నిర్మాతల సంఘాలు, థియేటర్ల యజమానులు భగ్గుమన్నారు. ఇలాంటి తగాదాలు తేల్చే కాపీరైట్ బోర్డు సొసైటీ వైపు నిలిచింది. 1974లో కలకత్తా హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. సొసైటీ సుప్రీంకోర్టుకు వెళ్లింది, అక్కడా ఓడిపోయింది. తీర్పు వచ్చిన రోజుకు లోక్‌సభ ఎన్నికల పోలింగ్ మొదలవడానికి రెండు రోజులే ఉంది, ఎమర్జెన్సీ ఇంకా ఎత్తేయలేదు. దేశమంతా ఆ టెన్షన్‌లో ఉంటే సినిమా పాటల కేసు ఎవరికి పట్టింది?

జస్టిస్ జస్వంత్ సింగ్ రాసిన ఆ తీర్పు 1957 కాపీరైట్ చట్టంలోని సెక్షన్ 17 మీద నిలబడింది. సృష్టించినవాళ్లే తొలి యజమాని అని ఆ సెక్షన్ మొదట చెబుతుంది. ఆ కిందనే మినహాయింపులు పెట్టింది. డబ్బిచ్చి సినిమా తీయించుకుంటే తీయించుకున్నవారే యజమాని అని ఒకటి. జీతానికి చేసిన పనిపై హక్కు జీతమిచ్చినవారిదని ఇంకొకటి. నిర్మాత డబ్బిచ్చి బాణీ కట్టించుకున్నా, పాట రాయించుకున్నా ఈ మినహాయింపుల కిందికే వస్తుందని కోర్టు అంది. వేరేగా ఒప్పందం ఉంటే తప్ప స్వరకర్తకు, రచయితకు కాపీరైట్ మిగలదు.

వేరేగా ఒప్పందం ఉంటే తప్ప. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ మొదటి అవకాశం కోసం తిరుగుతున్న సంగీత దర్శకుడు నిర్మాత ముందు కూర్చుని, హక్కులు నాకే ఉంచుతూ కాగితం రాయండని అడగగలడా? అడిగితే ఆ సినిమా ఇంకొకరికి పోతుంది. రాతకోతలేవైనా ఉంటే నిర్మాతకూ ఆడియో కంపెనీకీ మధ్య జరిగేవి. బాణీ కట్టినవారి సంతకంతో అక్కడ పని ఉండేది కాదు. రికార్డు పోయి క్యాసెట్, క్యాసెట్ పోయి సీడీ, ఆ తర్వాత రింగ్‌టోన్, ఇప్పుడు స్ట్రీమింగ్ వచ్చాయి. పాట కొత్త రూపం ఎత్తిన ప్రతిసారీ ఆదాయం ఆ పాత కాగితం ఎవరి దగ్గరుంటే వాళ్లకే చేరింది. ఇళయరాజా తొలి సినిమా 1976 మేలో విడుదలైంది. ఏడాది తిరగకుండానే ఈ తీర్పు వచ్చింది. తెలుగులో, తమిళంలో జనం ఇప్పటికీ పాడుకునే ఆయన బాణీలు దాదాపు అన్నీ ఈ తీర్పు నడిచిన కాలంలో పుట్టినవే. ఈ నేపథ్యం చూడకుండా ఆయన స్వభావం గురించి మాట్లాడటం తేలిక.

ఆ తీర్పులోనే మరో మాట ఉంది. దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. సినిమాలో భాగంగా కాకుండా, విడిగా తన బాణీని డబ్బుకు ప్రదర్శించే హక్కు స్వరకర్తకే ఉంటుందని, దాన్ని ఎవరూ ఆపలేరని కోర్టు ఒకచోట రాసింది. ఇంకోచోట అసలు కాపీరైటే నిర్మాతదని రాసింది. ఈ రెండూ ఎలా పొసుగుతాయో లాయర్లు ఇప్పటికీ ఎవరికి అనుకూలంగా వాళ్లు చెప్పుకుంటారు. 2017 మార్చిలో అమెరికాలో కచేరీలు చేస్తున్న బాలసుబ్రహ్మణ్యానికి, చిత్రకు ఇళయరాజా నుంచి నోటీసులు వెళ్లినప్పుడు అభిమానులు నొచ్చుకున్నారు. అది సహజం. ఇలాంటి చట్టం ఉందని తనకు తెలియదని, ఉంటే పాటిస్తానని, మిగతా సంగీత దర్శకుల పాటలు పాడతానని బాలు హుందాగా ప్రకటించారు. మామూలుగా లైసెన్సు చూసుకోవాల్సింది కచేరీ పెట్టేవాళ్లు, వేదికెక్కి పాడేవాళ్లు కాదు. ఆ మేరకు నోటీసు గురి తప్పిందనే అనాలి. అడిగిన హక్కు మాత్రం గాల్లోంచి పుట్టింది కాదు.

గాయకుల సంగతి కూడా 1977 తీర్పులోనే ఉంది. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ చివర్లో ఒక చిన్న అనుబంధం రాశారు. అప్పటి చట్టం ప్రకారం సంగీతమంటే కాగితం మీద రాసిన స్వరం మాత్రమే. గొంతుకు, పాడిన తీరుకు ఏ హక్కూ లేదు. పాడేవారి గొంతులోనే సంగీతం ఉందనుకునే ఈ దేశానికి ఆ పద్ధతి పరాయిదని, పార్లమెంటు దీన్ని చూడాలని ఆయన అభిప్రాయం. పార్లమెంటు తీరిగ్గా చూసింది. ప్రదర్శకుల హక్కులు, కాగితం మీద రాయకపోయినా సంగీతం సంగీతమేనన్న నిర్వచనం 1994 సవరణతో వచ్చాయి. 1960ల మొదట్లో పాట ఆదాయంలో గాయకులకూ వాటా, అంటే రాయల్టీ, కావాలన్న లతా మంగేష్కర్‌కూ, పాడినందుకు ఫీజు తీసుకున్నాక లెక్క తీరిపోయిందన్న మహమ్మద్ రఫీకీ మాట పట్టింపు వచ్చి, కొన్నేళ్లు కలిసి పాడనే లేదు. ఆ వాదన చట్టం దాకా చేరడానికి అంతకాలం పట్టింది.

నిర్మాతల వాదనా ఉంది. పెట్టుబడి వాళ్లది, సినిమా పోతే నష్టమూ వాళ్లదే. ఫ్లాపైన సినిమాకు ఏ సంగీత దర్శకుడూ పారితోషికం వెనక్కివ్వడు. నిజమే.

2012లో లెక్క మారింది. రాజ్యసభ సభ్యుడిగా ఉన్న జావేద్ అఖ్తర్ పట్టుబట్టి నిలిచిన సవరణ అది. మే 17న రాజ్యసభ, మే 22న లోక్‌సభ ఆమోదించాయి, జూన్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. నిర్మాతకు హక్కులు రాసిచ్చినా, థియేటర్లో సినిమాతో పాటు వినిపించడం తప్ప మిగతా అన్ని వాడకాల్లో రాయల్టీలో సమాన వాటా రచయితకు, స్వరకర్తకు ఉంటుంది. ఆ వాటాను వదులుకుంటున్నానని సంతకం పెట్టినా చెల్లదు. 1977 తీర్పు వాడుకున్న మినహాయింపులు సినిమా పాటల రచయితల, స్వరకర్తల హక్కులను తాకవని కూడా సెక్షన్ 17లో చేర్చారు. ఎఫ్‌ఎం రేడియోలు సైతం ఈ రాయల్టీ కట్టాల్సిందేనని 2023 ఏప్రిల్‌లో బొంబాయి హైకోర్టు చెప్పింది. అయితే 2012కు ముందు చేసుకున్న ఒప్పందాలకు ఈ రక్షణ ఎంతవరకు వర్తిస్తుందన్నది వాదనలకే మిగిలింది. పాత పాట కొత్త సినిమాలో వినిపించిన ప్రతిసారీ గొడవ సరిగ్గా అక్కడే ఆగుతోంది.

ఆ సవరణను గీత రచయిత వేటూరి చూడలేదు. ఆయన 2010 మే 22న పోయారు, సవరణ లోక్‌సభ దాటింది సరిగ్గా రెండేళ్ల తర్వాత. యాదృచ్ఛికమే. కానీ ఈ నోటీసుల వార్తల్లో సాహిత్యం రాసినవారి పేరు దాదాపు కనిపించదు. 2024 ఏప్రిల్‌లో ఇళయరాజా పాటల హక్కులపై ఎకో రికార్డింగ్ కంపెనీ వేసిన అప్పీలు విచారణలో మద్రాసు హైకోర్టు బెంచ్ ఆ సంగతే ఎత్తింది. సాహిత్యం లేకుండా పాట ఎక్కడిది, రేపు రచయిత కూడా వచ్చి నాదంటే ఏం చేస్తారని అడిగింది. 2012 సవరణ మాత్రం రచయితనూ స్వరకర్తనూ ఒకే వాక్యంలో, ఒకే హక్కుతో రాసింది.